అక్కకు ముఖం గీయించిన సంగతి

పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు కావాలంటే ఎనిమిది ఎందుకిస్తారో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు. నారాయణపేట కొత్త జిల్లా అయినప్పుడు ఊళ్ళో ఇంటి కాగితాలకు మళ్ళీ రెండు ఫొటోలు అడిగారు. జిల్లా మారితే ముఖం ఎందుకు మారుతుందని అడగాలనిపించింది గానీ, బల్ల అవతలి మనిషికి అప్పటికే చాలా కష్టాలున్నట్టు కనిపించి ఊరుకున్నాను. మిగిలిన ఆరూ ఇల్లంతా సర్దుకున్నాయి. గ్యాస్ పుస్తకంలో ఒకటి, మందుల డబ్బాలో ఒకటి, కుట్టు మిషను సొరుగులో గుండీల మధ్య ఒకటి. మా ఇంట్లో ఏది వెతికినా ముందు నేను దొరుకుతాను.

మా అక్కకు మాత్రం ఒక్క ఫొటో కూడా లేదు.

ఆమె నేను పుట్టకముందే పోయింది. ఆరేళ్ళు. జ్వరం మొదలైన మూడో రోజు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. ఆ రోజుల్లో నారాయణపేటలో మగ్గం మీద బతికే ఇంట్లో ఫొటో తీయించాలంటే పెళ్ళయినా కావాలి, సర్కారు పనైనా పడాలి. ఆ పిల్లకు అంత పని ఏదీ పడలేదు.

అయినా అమ్మకు ఫొటో లేని లోటు ఉండేది కాదు. అక్క వచ్చిపోయేది. మధ్యాహ్నం అన్నం తిని, నడుం వాల్చి, కళ్ళు మూసుకుంటే మగ్గం గుంజ పట్టుకుని వచ్చి నిలబడేదట. ఏమీ మాట్లాడదు. కాసేపుండి పోతుంది. ఈ సంగతిని అమ్మ, పాలవాడు వచ్చిపోయాడన్నట్టు చెప్పేది. బాపు పోయాక మగ్గం అమ్మేసి మహబూబ్‌నగర్‌లో నా దగ్గరికి వచ్చినా అక్క రావడం మానలేదు. గుంజను కూడా వెంటే తెచ్చుకునేది. నేను కాలేజీలో అర్థశాస్త్రం చెప్తాను. లేనిదాన్ని ఉన్నట్టు అనుకుని ముందుకు పోవడం మా సబ్జెక్టులో కూడా ఉన్నదే కాబట్టి, అభ్యంతరం చెప్పలేదు.

మూడేళ్ళ కింద ఒక రోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అమ్మ ఉన్నట్టుండి అంది. "ఈ మధ్య మొఖం సక్కగ కనవడ్తలేదురా. గౌను కనవడ్తది, జడలు కనవడ్తయి. మొఖం కాడ పొగ లెక్క ఉంటది. మొత్తం మర్శిపోతనేమో బిడ్డా."

ఆమె వేళ్ళు ఆగలేదు. కానీ డెబ్భై ఏళ్ళ మనిషి గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

అందుకే బొమ్మ గీయించాలనుకున్నాను. బస్టాండు వెనక సందులో ఒక ఆర్టిస్టు ఉండేవాడు. ఒకప్పుడు దుకాణాల బోర్డులు, గోడల మీద పార్టీ గుర్తులు రాసినవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఫొటో లేకుండా పోయిన పెద్దల పోలికలు అడిగి తెలుసుకుని గీసే పనికి మళ్ళాడు. ఫ్లెక్సీ మిషనుకు నోటితో చెప్తే అర్థం కాదు కదా. ముక్కు ఎవరిది, గడ్డం ఎవరిది అని ఇంటివాళ్ళను అడుగుతూ పెన్సిల్‌తో గీస్తాడు, తుడుస్తాడు. ఒక పట్టింపు మాత్రం ఉంది. కనుపాపలు ముందే పెట్టడు. బొమ్మ తీసుకుపోయేవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుంటేనే పెడతాడు.

అమ్మను తీసుకెళ్ళాను. ముఖం చెప్పమంటే అమ్మ గౌను చెప్పింది. మగ్గం మీద మిగిలిన చీర బట్టతో కుట్టించిందట. నేరేడుపండు రంగు, పసుపు గళ్ళు, గడికీ గడికీ నడుమ ఎన్ని పోగులు, అంచు ఎన్ని వేళ్ళ వెడల్పు, కుడి భుజం దగ్గర గడి కలవకుండా కుట్టిన దర్జీ ఎంత పనికిమాలినవాడు, అంతా చెప్పింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి గుండ్రంగానే ఉంటుండె అంది. ఆర్టిస్టు రెండు గంటలు ఓపిక పట్టాడు. తర్వాత నన్ను బయటికి పిలిచి, ఇట్లయితే చీర తయారైతది గని పిల్ల తయారు గాదు సార్ అన్నాడు. మొఖం గాలిలకెల్లి రాదు, ఎవరి పోలికన్నా ఒకటి తెచ్చియ్యమన్నాడు.

నేను ఒకటో తరగతిలో ఉన్నప్పటి నా ఫొటో తెచ్చిచ్చాను. మన్యంకొండలో గుండు చేయించుకొచ్చిన నెలకే తీసింది కాబట్టి, జడల సంగతి ఆయనే చూసుకోవాల్సి వచ్చింది. అమ్మకు చెప్పలేదు. అబద్ధమాడలేదు, సమాచారం ఇవ్వలేదు, అంతే.

రెండు వారాలకు ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఒక్కడినే వెళ్ళాను. గోడకు ఆనించి ఉంది. నేరేడు గౌను వేసుకుని, రెండు జడలతో, మగ్గం గుంజ పట్టుకుని, కనుపాపలు లేకుండా నేను. ఆ తెల్లటి కళ్ళు ఎటూ చూడటం లేదు. అయినా నేనే కాస్త పక్కకు జరిగాను. పని ఆపమని అప్పుడే చెప్పాల్సింది. నేను, గుంజ బాగా వచ్చిందన్నాను.

కనుపాపలు పెట్టే రోజు అమ్మ కొత్త చీర కట్టుకుంది. ఆర్టిస్టు సన్న కుంచెతో రెండు చుక్కలు పెట్టి లేచాడు. అమ్మ వెంటనే బొమ్మ ముఖం వైపు చూడలేదు. నేతగాళ్ళ ఇంటి మనిషి, ముందు బట్ట చూసింది. తడి రంగు అంటకుండా వేలు గాలిలో ఆడిస్తూ గళ్ళు లెక్కపెట్టింది. అంచు చూసింది. కుడి భుజం దగ్గర కలవని గడి దాకా వచ్చి ఆగింది. అది కూడా ఉంది. అప్పుడు తలెత్తి ముఖం చూసింది. బట్ట అంత నిజమయ్యాక ముఖం అబద్ధమవుతుందని ఆమెకు ఎట్లా తోస్తుంది?

"వచ్చినవా" అంది బొమ్మతో, మెల్లగా.

ఆర్టిస్టు కళ్ళు తుడుచుకున్నాడు. నేను చెప్పులు వెతుక్కున్నాను.

బొమ్మను అమ్మ గదిలో మంచానికి ఎదురుగా పెట్టాం. దండ వేయనివ్వలేదు. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా నన్ను నేను ఆరేళ్ళ వయసులో, చచ్చిపోయినట్టుగా చూసుకోవాల్సి వచ్చేది. మందులివ్వడానికి వెళ్తే గోడ వైపు వీపు పెట్టడం అలవాటు చేసుకున్నాను. వీపు కూడా ఊరుకునేది కాదు. నా భార్య మాత్రం మొదటి రోజే పోల్చింది. ఇంట్ల మీరు ఒక్కరే ఉన్నరనుకున్న, ఇప్పుడు ఇద్దరయిండ్రు అని, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అమ్మ మొదటి రోజుల్లో బొమ్మ ముందు కూర్చుని ఏవో చెప్పుకునేది. తర్వాత మధ్యాహ్నాలు పడుకోవడం మానేసింది. అన్నం తినగానే కుర్చీ వాకిట్లో వేసుకుని, ఎండలో, రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ కూర్చునేది. నిద్ర ముంచుకొస్తే లేచి మొహం కడుక్కునేది. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు పక్కన కూర్చుని, కాసేపు నడుం వాల్చొచ్చు కదమ్మా అన్నాను.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"కండ్లు మూస్తే నువ్వే వస్తున్నవ్‌రా. నా బిడ్డ వస్తలేదు."