నీడ లేవని రోజులు

మా మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లిష్ మీడియం బడిలో రెండో తరగతి. నాకు ఇంగ్లిష్ రాదు, తెలుగు చదవడం వచ్చు. అందుకే బడి నుంచి రాగానే, బట్టలైనా మార్చుకోకుండా, ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టి భుజానికి ఆనుకుని కూర్చునేది. జపాన్ వాళ్ల బొమ్మల కథ ఒకటి నడుస్తుండేది. మాటలు వాళ్ల భాషలో వస్తాయి, కింద తెలుగులో రాత వస్తుంది. ఆ రాత మాయమయ్యేలోపు నేను పైకి చదవాలి.

కథలో ఒక పిల్ల ఉంటుంది. మామూలు పిల్లే, కానీ ఆమె నీడకు బలం ఉంటుంది. ఊరికి ఆపద వస్తే ఆ నీడ నేల మీద నుంచి లేచి మేడంత పెరుగుతుంది. కూలుతున్న వంతెనను వీపు మీద మోస్తుంది. మా మనవరాలు సాయంత్రం బాల్కనీలో నిలబడి తన నీడను కాలితో తట్టి లేపేది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. పోచంపల్లి దగ్గర నేత ఇంట్లో పుట్టాను. మా ఇళ్లలో ఆడపిల్ల చేతికి ముందు దారం వస్తుంది. మగ్గం ఎక్కే ముందు దాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఆ పనిలోనే నా చిన్నతనం గడిచిపోయింది. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టి, నన్ను ఎల్‌బీ నగర్ ఫ్లాటుకు తెచ్చాక, కాలనీ హాల్లో ఆడవాళ్లకు చదువు చెబుతున్నారని తెలిసి వెళ్లాను. మనవరాలి పక్కన కూర్చుని గబగబా చదువుతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ రోజు పొద్దున తల వెనక బరువుగా అనిపించింది. వంటింట్లోకి వెళ్తూ కుడి భుజం తలుపుకు కొట్టుకున్నాను. పెద్దగా పట్టించుకోలేదు. మధ్యాహ్నం మనవరాలు ఫోన్ పెట్టింది. బొమ్మలో వంతెన ఊగుతోంది, జనం కేకలు వేస్తున్నారు, ఆ పిల్ల రెండు చేతులూ చాచి నిలబడింది. ఆమె నీడ లేవలేదు. తడి గుడ్డలా నేల మీదే పడి ఉంది.

కింద రాత వచ్చింది. తెల్లగా, శుభ్రంగా కనిపించింది. కానీ నాకు ఏమీ చెప్పలేదు. చార్మినార్ దగ్గర దుకాణాల మీది ఉర్దూ బోర్డులను చూసినట్టు చూశాను. ఒక వరుస పోయింది, ఇంకోటి వచ్చింది.

"ఏమంటుంది నానమ్మా?"

బొమ్మను చూసి కల్పించాను. నా నీడ ఎందుకు లేవడం లేదు అంటోందని చెప్పాను. తర్వాత బొమ్మలో ఆ పిల్ల ఇంటికి పోయి తల్లి ముందు తల వంచుకుని అన్నం తింది. నీడ పోయిన సంగతి తల్లికి చెప్పకుండా దాచిందని చెప్పాను.

"వాళ్ల మమ్మీకి ఎందుకు చెప్తలేదు?"

"భయం బిడ్డా."

"పిచ్చిది," అంది మనవరాలు. "చెప్తే అయిపోతుండె."

అది ఆడుకోవడానికి పోయాక వంటింట్లో పప్పు పాకెట్టు తీసి చూశాను. గోడ మీద క్యాలెండర్ చూశాను. ఏదీ పలకలేదు. ఒక కాగితం మీద నా పేరు రాశాను. చెయ్యి ఆగకుండా రాసింది. రాసిన దాన్ని చూస్తే అది ఏమిటో తెలియలేదు. రాసింది నేనే కాబట్టి నా పేరని తెలుసు, అంతే. కాగితాన్ని ఉండ చేసి చెత్తబుట్టలో అడుగుకు తోశాను.

చిన్నప్పుడు చదువుకున్నవాళ్లకు అక్షరాలు లోపల వేరుపట్టి ఉంటాయి, నాకు పైపైన అంటుకున్నాయి, అందుకే రాలిపోయాయి అనుకున్నాను. మళ్లీ బ్యాంకులో వేలిముద్ర వేయాలి. బస్సు ఎక్కడికి పోతుందో పక్కవాళ్లను అడగాలి. అన్నిటికంటే, మధ్యాహ్నం మనవరాలు ఫోన్ తేవడం మానేస్తుంది. ఎవరికైనా చెబితే ఇది నిజమైపోతుందని భయం వేసింది. చెప్పలేదు.

మర్నాడు కొడుక్కు టిఫిన్ ఇచ్చే నెపంతో దిల్‌సుఖ్‌నగర్ పోయి, ఆ దారిలోనే ఒక కళ్లద్దాల దుకాణంలోకి వెళ్లాను. తప్పు కళ్లదైతే బాగుండునని కోరుకున్నాను. అక్కడి పిల్లవాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తెలుగు అక్షరాల చార్టు పెట్టాడు. పై వరుస చదవమన్నాడు. చూస్తూ ఉండిపోయాను.

"సదువుకోలేదా అమ్మా?" అన్నాడు మెల్లగా, పక్కన నిలబడ్డవాళ్లకు వినబడకుండా.

చదువుకున్నానని చెబితే, మరి ఎందుకు చదవడం లేదని అడుగుతాడు. లేదన్నాను.

అతను చార్టు తిప్పాడు. వెనక వైపు చదువు రానివాళ్లకు పెట్టే గుర్తులున్నాయి. మూడు పళ్ల దువ్వెనల్లాంటివి. పళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించమన్నాడు. పైకి, కిందికి, పక్కకు చూపించాను. చిట్టచివరి చిన్న వరుస దాకా అన్నీ సరిగ్గా చూపించాను.

"మస్తున్నయ్ అమ్మా మీ కండ్లు. అద్దాల పనే లేదు," అన్నాడు సంతోషంగా.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. కళ్లు బాగానే ఉన్నాయంటే పోయింది లోపలే. ఇంటికి పోయే బస్సు కోసం ఎవరెవరినో అడిగాను.

నా గుట్టు బయటపడింది మనవరాలి వల్లే. నీడ లేవని భాగాన్నే మళ్లీ పెట్టమని గొడవ చేసింది. పెట్టాను. మళ్లీ కల్పించాను. కోడలు పక్కనే బట్టలు మడతపెడుతోంది. నీడ లేవకపోతే ఊరు విడిచి పోతానని ఆ పిల్ల అంటోందని చెప్పాను. మనవరాలు బొమ్మను ఆపేసింది.

"మొన్న గట్ల చెప్పలే నువ్వు. ఎందుకు లేస్తలేదు అన్నది అని చెప్పినవ్."

నేను ఏదో సర్దబోయాను. అది నా ముఖంలోకి చూసింది.

"నానమ్మా, నువ్వు చదువుతలేవు."

కోడలు చేతిలోని చొక్కా పక్కన పెట్టింది. ఆమెది విజయవాడ వైపు. ఫోన్ తీసుకుని నా ముందు పెట్టి, కింది వరుస చూపించింది. "ఇది చదవండి అత్తయ్యా." నేను తల అడ్డంగా ఊపాను. "ఎప్పటి నుంచి ఇలా?" అని అడిగింది. చెప్పేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఆమె చెప్పులు వేసుకుంటూ నా కొడుక్కు ఫోన్ చేసింది.

మెదడు వెనక భాగంలో చిన్న రక్తనాళం మూసుకుపోయిందని దవాఖానలో చెప్పారు. చదివే దారి దెబ్బతింది, రాసే దారి మిగిలింది. కుడి పక్క చూపు కూడా కొంచెం తగ్గింది, తలుపుకు కొట్టుకున్నది అందుకే. మొదటి రోజే రావాల్సిందని డాక్టరమ్మ కోప్పడింది. ఇంకోసారి ఇలా మూసుకుపోతే చెయ్యో మాటో పోవచ్చు, మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదంది. చదువు తిరిగి వస్తుందా అని అడిగితే, కొందరికి వస్తుంది, కొందరికి రాదంది. ఆ రెండో మాటతోనే ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత ఫోన్లో రాత చదివే పని కోడలిది అయింది. నేను బాల్కనీలో కూర్చుని లోపలి మాటలు వినేదాన్ని. రాత్రి పడుకుంటే, తెల్లారేసరికి మాట కూడా పోతుందేమోనని మనసులో అందరి పేర్లూ చెప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం మనవరాలు తెలుగు హోంవర్కు తెచ్చింది. బడిలో అప్పుడే అక్షరాలు దిద్దిస్తున్నారు. చుక్కల మీద పెన్సిల్‌తో దిద్దాలి. "ఇదేంది నానమ్మా?" అంది. తెలియదన్నాను. అది విసుక్కుని, వాళ్ల టీచర్ చేసినట్టు, నా చూపుడు వేలు పట్టుకుని చుక్కల మీద తిప్పింది. వేలు మెలిక తిరిగి కొమ్ము చివర ఆగేసరికి నా నోరు "మ" అంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"వచ్చిందా?"

"ఒక్కటే వచ్చింది."

"బొమ్మలోని పిల్లకు గూడ ముందు నీడది చిటికెన వేలే కదిలింది," అంది మనవరాలు పెద్దమనిషిలా. "మమ్మీ చదివింది. తర్వాత చెయ్యి మొత్తం లేస్తదంట."

అప్పటి నుంచి తొడ మీద వేలితో అక్షరాన్ని గీసుకుంటూ చదవడం మొదలుపెట్టాను. చూసిన గీతను వేలు గీస్తుంది, గీశాక నోటికి వస్తుంది. ఒక మాటకు చాలాసేపు పడుతుంది. కొన్ని రోజులు గబగబా వచ్చి, కొన్ని రోజులు అసలు రాదు. రాని రోజున మాత్రల డబ్బా తీసి, పొద్దుటిది వేసుకున్నానా లేదా అని మళ్లీ మళ్లీ చూసుకుంటాను.

కథ చివరి భాగం వచ్చిన రోజు మనవరాలు ఫోన్ తెచ్చి నా ఒళ్లోనే పెట్టింది. మమ్మీ కాదు, నువ్వే చదవాలంది. వంతెన మళ్లీ ఊగింది. ఆ పిల్ల కాళ్లు వణుకుతున్నాయి. నీడ మెల్లగా, మోకాళ్ల దాకా, నడుము దాకా లేచింది. ఆ పిల్ల ఏదో అంది. రాత వచ్చింది. మనవరాలు బొమ్మను ఆపి నా వేలు వైపు చూసింది.

గీశాను. మొదటి మాట వచ్చింది: "భయంగానే". రెండోది వచ్చింది: "ఉంది". ఆ తర్వాతి మాట కుడి అంచున ఉంది. వేలు ఆగిపోయింది. తల కొంచెం కుడికి తిప్పి మళ్లీ గీశాను. "అయినా". దాని కింద ఇంకొక్క మాట. "లే".

మనవరాలు తెరను తాకబోయింది.

"ఆగు బిడ్డా," అన్నాను. "ఇంకోసారి సదువనియ్యి."