బకారాలో ఐదు దగ్గర బేరం

2014లో సింగపూర్‌లోని ఒక కాసినో నన్ను బల్ల దగ్గర నుంచి లేపి, కొత్త డీలర్లకు శిక్షకుడిగా వేసింది. పేకముక్కలు పంచేవాడు డీలరు. పంచడం నేర్పేవాణ్ణి నేను. నా గొప్పంతా బకారా అనే పేకాట చరిత్ర చెప్పడంలోనే ఉండేది.

ఇందులో ప్లేయర్, బ్యాంకర్ అని రెండు చేతులు, చెరో రెండు ముక్కలు. మొత్తం తొమ్మిదికి దగ్గరున్నది గెలుస్తుంది; పదులకూ బొమ్మలకూ విలువ సున్నా. ఆట పుట్టిల్లు ఇటలీ అని కొందరు, ఫ్రాన్స్ అని కొందరు. పాత ఫ్రెంచ్ పద్ధతిలో ప్లేయర్ రెండు ముక్కలూ కలిపి ఐదైతే మూడో ముక్క తీసుకోవడం ఆటగాడి ఇష్టం. క్యూబా మీదుగా అమెరికా చేరేసరికి ఆ ఇష్టం పోయింది. ఐదుకు ముక్క పడాల్సిందే. మేం ఆడించేదీ అదే. కానీ బట్టల కొట్టులో పెరిగినవాణ్ణి, బేరానికి చోటున్న ఫ్రెంచ్ పద్ధతి దగ్గరికొస్తే నాకు పూనకమే.

మలేషియాలోని జోహోర్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి సరళకు ఆ రోజు టేబుల్ టెస్ట్, అంటే బల్ల మీద పంచి చూపించే పరీక్ష. తప్పితే ఉద్యోగమూ, వర్క్ పర్మిట్టూ పోతాయి. బల్లల అజమాయిషీ చూసే పిట్ మేనేజర్ టాన్ ఆటగాడిగా కూర్చున్నాడు. చేతిలో ఐదు పడింది.

"ముక్క వేయమంటారా సార్?" అంది సరళ మర్యాదగా.

తప్పు వేయడానికి టాన్ కలం తీశాడు. "ఎవరు నేర్పారు?"

"ఈ అంకులే! ఫ్రాన్స్‌లో అడుగుతారని చెప్పారుగా!"

"ఇది ఫ్రాన్స్ కాదు లా!" అని సింగపూర్ యాసలో కసిరి టాన్ నావైపు తిరిగాడు.

తప్పు నా పాఠానిదని ఒప్పుకుని, మళ్ళీ ఐదు రౌండ్లు ఆడించమన్నాను. కుదరదన్నాడు. మూడన్నాను. కుదరదన్నాడు. మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళలా అలిగి వెళ్ళిపోతున్నట్టు నటించాను. ఆపలేదు. తలుపుదాకా వెళ్ళి, సిగ్గు విడిచి నేనే వెనక్కొచ్చాను. అది చూసి టాన్ పగలబడి నవ్వి, "ఒక్కటే" అన్నాడు.

ఆ ఒక్కదాంట్లోనూ ఐదే పడింది!

"చాలు, నాకొద్దు, వేయకు," అని టాన్ కవ్వించాడు.

"సారీ సార్, రూల్," అని సరళ ముక్క జరిపింది.

ఇక్కడి ఆటగాళ్ళు ముక్కను అంచు నుంచి మెల్లగా వంచి, అక్కర్లేని గుర్తులు ఎగిరిపోవాలని ఊదుతారు. టాన్ కూడా బుగ్గలు పొంగేలా ఊదాడు. నాలుగు! "తొమ్మిది!" అని గంతేసి, పరీక్ష సంగతే మరిచి నన్ను వాటేసుకున్నాడు.

"బ్యాంకర్ ముక్క ఇంకా వేయాలి సార్. కూర్చోండి," అంది సరళ.

కూర్చున్నాడు. ఆ ముక్క పడకముందే పాస్ అని రాశాడు.

ఎంచుకునే వీల్లేని చోట "కావాలా" అని అడగడం మర్యాద కాదు, పొరపాటు. రిటైరయ్యేదాకా నియమం ముందే నేర్పాను; చరిత్ర మాత్రం టెస్ట్ పాసైనవాళ్ళకే చెప్పాను.