వెన్నెల రోజుల్ల కొట్టిన వెదురు

గోదావరి మీద తిరిగే పడవల్లో సగానికి తెడ్లు నేనే చేసిన అని మా మనవరాలికి చెప్పిన. అబద్ధం. నేను బూర్గంపాడు దిక్కు కలప డిపోల పని చేసినోణ్ణి. తెడ్డు పట్టింది ఒక్కసారే, అది కూడ చేజారి నీళ్లల్ల కొట్టుకపోయింది. కర్రల సంగతి మాత్రం నిజంగనే తెలుసు.

ఆ పిల్ల వైరా రిజర్వాయర్ల కయాక్ అనే సన్న పడవ నడుపుడు నేర్చుకుంటున్నది. అక్కడిచ్చే తెడ్డుకు అల్యూమినియం గొట్టం, రెండు కొసలకు ప్లాస్టిక్ రెక్కలు. గొట్టం బరువు, రెక్కలేమో నీళ్లను తోస్తుంటే వంగిపోతయి. దాంతోటే కుడి భుజం పట్టేసింది. మళ్లీ నొప్పి చేస్తే ఇంక తెడ్డు పట్టొద్దని దవాఖానాల డాక్టర్ చెప్పిండు. వాళ్లమ్మ ఆ మాటే పట్టుకున్నది. చూస్తే జిల్లా జట్టు ఎంపిక దగ్గరికొచ్చింది. కార్బన్ తెడ్డు దూదిలెక్క ఉంటదట గానీ మాకు అందేది కాదు.

నేను చేసిస్త అన్న. రెక్కలకు గుమ్మడి టేకు తీసుకున్న. తేలికగుంటది, తడిసినా వంకర పోదు. పల్చగ చిత్రిక పట్టి, అంచులు చీలకుండ రెజిన్ జిగురు పూసిన. నడిమి కర్రకు వెదురు. లాగినప్పుడు కొంచెం వంగి మళ్లీ నిలబడతది, భుజానికి అదురు తగలదు. అక్కడిదాకా నా ఎంపికకు వంక లేదు.

మా దిక్కు వెదురును అమావాస్య దగ్గర కొడతరు. వెన్నెల రోజుల్ల కొడితే పురుగు పడతదంటరు. కొట్టినంక వారాల తరబడి వాగుల నానేస్తరు. ఇదంతా తెలిసి కూడ, టైమ్ లేదని నిండు వెన్నెలల కొట్టుకొచ్చి ఎండకు ఆరేసిన. పైగా, నీ మనవలు కూడ దీన్నే వాడతరని కోతలు కోసిన.

ఎంపిక రోజు పొద్దున ఆమె తెడ్డు పట్టుకొని పోయినంక, అది ఆనించిన గోడమూలకు సన్నటి పసుపుపచ్చ పొడి కనపడ్డది, పిండిలెక్క. పురుగు లోపల ఎంత తొలిచిందో పైకి తెలిసేది కాదు.

జల్దీ వైరా బస్సెక్కిన. దారి పొడుగునా చెప్పకుండ ఉందామనే అనుకున్న. చెప్తే ఆ బరువు గొట్టమే గతి, భుజం పోతది. చెప్పకుంటే? లైఫ్ జాకెట్ ఉంటది, మునగదు. కానీ విరిగిన వెదురు మొన కత్తిలెక్క ఉంటది.

ఒడ్డు మీద ఆమెను పక్కకు పిలిచి, కర్రకు పురుగు పడ్డదని చెప్పిన. ఆమె తెడ్డును మోకాలి మీద పెట్టి వంచి చూసింది.

"విరుగుతదా తాతా?"

నా బతుకుల జవాబు లేక ఆగిన ప్రశ్న లేదు.

"తెల్వదు బిడ్డా."

"అందరికి చూపించుకుంట తిరిగిన, మా తాత చేసిండని. ఇప్పుడా చెప్పేది?"

తెడ్డును గడ్డి మీద పెట్టి, అల్యూమినియందే అడిగి తెచ్చుకున్నది.

పందెంల సగం దూరం దాకా అందరికంటే ముందున్నది. అటెన్క కుడి దిక్కు తెడ్డు లోతుకు దిగుడు తగ్గింది. పడవ పక్కకు తిరుగుతుంటే సరిచేసుకుంట వస్తున్నది. ఒకరెనక ఒకరు దాటిపోతున్నరు. ఆ పిల్లకేమైందని పక్కనున్నాయన అడిగిండు. మా పిల్లే అని చెప్పి, ఆమె ఒడ్డుకు రాంగనే పడవ ముక్కు పట్టుకునేందుకు మోకాళ్ల దాకా నీళ్లల్లకు దిగి నిలబడ్డ.