మామయ్య రాతిమొక్క

మా మామయ్యను టైలరు దుకాణంలో అందరూ కాజాల మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా చొక్కాలకు కాజాలు కుట్టడమే ఆయన పని. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగితే "కొలతలు కుదర్లేదు" అనేవాడు. మా ఇంట్లోనే, వరండా పక్క గదిలో ఉంటాడు. ఆ గదిలో సగం మంచానిది, సగం అక్వేరియానిది.

అందులో చేపలు పేరుకే. ఆయన పంచప్రాణాలూ నల్లరాయి మీద పెరిగే మొక్క మీదే. ఎక్కడో వానల అడవుల్లో, వాగు బండలను కరుచుకుని బతికే జాతి అది. వేలెడంత ముక్క తెచ్చి, కాజాలు కుట్టే దారంతోనే రాయికి కట్టాడు. నెలకో ఆకు వేస్తే గొప్ప. దీనికంటే నత్త నయమని నేను ఏడిపించేదాన్ని. పదకొండేళ్లకు రాయి ముప్పావు వంతుకు పైనే నిండింది. ఈలోగా ఆయన చూపు మందగించింది. ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు ఇంకో రెండేళ్లు నిలుస్తుందని, ఆ తర్వాత తమ చేతుల్లో లేదని డాక్టరు చెప్పాడు. ఆ రెండేళ్లలో రాయి పూర్తిగా నిండటం చూడాలన్నదొక్కటే మామయ్య కోరిక.

ఆసుపత్రికి వెళ్తూ అక్వేరియాన్ని మా అమ్మకు అప్పగించాడు. "అక్కా, చేపలకు చిటికెడు మేత వెయ్యి చాలు. ఇంకేం ముట్టుకోకు."

అమ్మ చేతులు ఊరికే ఉంటాయా? తమ్ముడి మొక్కకు వేర్లు బయటే ఉన్నాయని జాలిపడింది. దారాలు తెంపి, కుండీలో నాటినట్టు ఇసుకలో లోతుగా పాతింది. రాయిని తళతళలాడేలా తోమింది. ఆ మొక్క కాండాన్ని పూడిస్తే కుళ్లిపోతుందని ఆవిడకేం తెలుసు? నాకు తెలుసు. మామయ్య వందసార్లు చెప్పాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్న మూడు వారాల్లో నేను ఒక్కసారైనా ఆ గదిలోకి తొంగి చూడలేదు. ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లుమంట.

మామయ్య తిరిగొచ్చేసరికి ఆకులన్నీ ఊడి నీళ్లపై తేలుతున్నాయి. చెయ్యి ముంచి ఇసుకలో తడిమాడు. కాండం మెత్తగా, కంపు కొడుతూ వేళ్లకు అంటుకుంది.

"బాగానే నాటాను కదరా," అంది అమ్మ బిక్కమొహంతో.

"నీ తప్పేం లేదక్కా. దాని టైమ్ అయిపోయింది అంతే."

కుళ్లినదంతా కోసేస్తే గోరంత ముక్క మిగిలింది, ఒకే ఆకుతో. దాన్ని మళ్లీ రాయికి కట్టబోతూ, దారం కొస దొరక్క ఆయన కాసేపు తడుముకున్నాడు. నేనే తీసుకున్నాను.

"నీ మంచం వైపు కట్టనా, మామయ్యా?"

"వద్దు. గుమ్మం వైపు కట్టు. నువ్వు వస్తూ పోతూ చూసుకోవచ్చు."

కట్టాను. ఆయన అక్వేరియం లైటు ఆర్పి మంచం మీద కూర్చున్నాడు. ఇక పనికి రానని దుకాణంలో చెప్పేసి రమ్మన్నాడు.