నాన్న వచనం చెప్తే నేను చదివేదాన్ని

మా నాన్న పాస్టరు. ప్రసంగం చేసేటప్పుడు బైబిలు వాక్యం తను చదవడు. అధ్యాయం, వచనం చెప్పి ఆగుతాడు. పక్కన నిలబడిన మనిషి ఒక ముక్క చదివి ఆగాలి. ఆ ముక్కను నాన్న విడమరిచి చెప్పి, "ఊఁ, చదువమ్మా" అంటాడు. అప్పుడు తర్వాతి ముక్క. మా వైపు చాలా సంఘాల్లో ఇదే పద్ధతి. ముందు మా సంఘంలో ఒక పెద్దాయన చదివేవాడు. ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాక ఆ పని నాకు అప్పగించారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. చదవడం రాదు.

రాదంటే అక్షరాలు తెలియవని కాదు. పలక మీద విడిగా రాసి చూపిస్తే క, మ, ల అని చెప్పేదాన్ని. అవి పక్కపక్కన చేరి వరుసలో నిలబడితేనే నాకు కష్టం. వత్తు తన అక్షరం కింద ఉండేది కాదు, పక్కదాని కిందకు జరిగేది. ఒక మాట కూడబలుక్కుని రెండో మాటకు పోయేలోపు మొదటిది ఏమిటో మర్చిపోయేదాన్ని. కన్ను ఎత్తి దించితే వరుస తప్పేది. అందరికీ ఇలాగే ఉంటుందనీ, వాళ్ళు నాకన్నా ఎక్కువ కష్టపడుతున్నారనీ చాలాకాలం అనుకున్నాను.

మా చర్చి కారంపూడి దాటాక లోపలికి పోయే రోడ్డు మీద ఉండేది. నాపరాళ్ళు పరిచిన హాలు, వెనక మేముండే గది, రేకుల వంటసాల. క్వారీలో రాయి పేల్చినప్పుడల్లా ఆ రేకులు దడదడలాడేవి. అంతకుముందు పరిచర్య కోసం ఊరూరూ మారాం. మారిన ప్రతిసారీ మా చదువు మధ్యలో తెగేది. ఒక ఊళ్ళో బడిలో చేర్చుకోవడానికి కాగితాలు లేవని తిప్పి పంపారు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి మోకాళ్ళూని, "ఇక నా పిల్లలకు ఇల్లే బడి" అని దేవుడి ముందు తీర్మానం చేసుకున్నాడు. అది ఇబ్బందిలోంచి వచ్చిన మాట. పోనుపోను సభల్లో దేవుడి మేలుగా చెప్పుకునే సాక్ష్యమైంది.

అమ్మ ఇంటర్ దాకా చదివింది. పొద్దున్నే కుటుంబ ప్రార్థన, అన్నాలు అయ్యాక చర్చి హాల్లో చాప వేసి నన్నూ చెల్లినీ కూర్చోబెట్టేది. లెక్కలకు కుర్చీలు, చింతగింజలు. తెలుగుకు బైబిలు. అమ్మ ఒక వచనం చదివేది, మేము వెనక చెప్పేవాళ్ళం. తర్వాత వేలు పెట్టి చెల్లి చదివేది, ఆ తర్వాత నేను. నా వంతు వచ్చేసరికి ఆ వచనం రెండుసార్లు నా చెవిన పడేది. నాకది చాలు. వేలు జరుపుకుంటూ తప్పు లేకుండా చెప్పేసేదాన్ని. చూచిరాత అయితే ముగ్గు దించినట్టు దించేదాన్ని. "దీని రాత చూడవే, ముత్యాలు" అని అమ్మ చెల్లితో అనేది. ఆ ముత్యాల్లో ఏముందో నాకు తెలియదు.

చదివే పని వచ్చాక నా వారం మొత్తం ఆదివారం చుట్టూ తిరిగేది. శనివారం సాయంత్రం నాన్న చర్చి ముందు అటూ ఇటూ నడుస్తూ, మర్నాటి ప్రసంగం పైకే చెప్పుకునేవాడు. నేను గిన్నెలు తోముతూ వచనాలు గుర్తు పెట్టుకునేదాన్ని. తర్వాత అమ్మ ఫోను పక్కన పెట్టుకుని, అందులో బైబిలు చదివే గొంతుతో పాటు ఆ అధ్యాయాలు వల్లించేదాన్ని. నాకు దైవభక్తి ఎక్కువని అమ్మ మురిసిపోయేది. భక్తి నిజమే. ఆ వాక్యం వింటుంటే నాకు ఒళ్ళు పులకరించేది. కానీ వల్లించేది మాత్రం భయంతో.

నాన్న ఎప్పుడైనా చెప్పుకోని వచనం ప్రసంగం మధ్యలో అడిగితే పుస్తకం మీదకు వంగేదాన్ని. పేజీలు తిప్పుతున్నట్టు నటించేదాన్ని. నాన్న మెతక మనిషి, తనే అందుకుని చెప్పేసేవాడు. అలా తప్పించుకున్న ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నం సహించేది కాదు.

ఎవరికీ తెలియకుండా ఉపవాసాలు ఉన్నాను. హాల్లో ఎవరూ లేనప్పుడు నేలకు నుదురు ఆనించి అడిగేదాన్ని. ప్రభువా, నువ్వు సముద్రాన్ని నిలబెట్టావు, ఈ వత్తుల్ని నిలబెట్టలేవా. లేచి పుస్తకం తెరిచేదాన్ని. అవి కదిలేవి. నా విశ్వాసం చాలలేదనుకుని మళ్ళీ మోకరించేదాన్ని.

ఈ లోపల నాన్న సాక్ష్యం ఊళ్ళు దాటింది. "బళ్ళో నేర్చింది కాదు ఈ పిల్ల. దేవుడే నేర్పాడు" అని ఏ సభకు పోయినా నన్ను ముందుకు పిలిచేవాడు. జనం ఆమెన్ అనేవాళ్ళు. అందులో అబద్ధం ఉందని నాన్నకు తెలియదు. నాకొక్కదానికే తెలుసు. నేను నోరు విప్పితే పడిపోయేది నేను కాదు, నాన్న.

ఆ ఏడు మిరపకోతలప్పుడు మా సంఘంలో ఉండే మామ్మ ఒకామె ఇంటికొచ్చింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో కట్టుబడి పనికి పోతే, మూడో తరగతి చదివే మనవరాలిని తనే పెంచుతోంది. కాయలు కోసిన చేతులు మండుతుంటే అమ్మ ఇచ్చిన మజ్జిగ సగం తాగి, సగం చేతుల మీద పోసుకుంది.

"అమ్మగారూ, కోతలవ్వంగానే మా పిల్లను బడి మానిపిచ్చేత్తా. మీ కాడే కూసోబెట్టుకోండి."

"బళ్ళో బాగానే చెప్తన్నారు గదా మామ్మా?" అంది అమ్మ.

"ఏం చెప్తన్నారమ్మా, అన్నం పెట్టి పంపిత్తన్నారు. మీ పెద్దపాప చదువుతుంటే ఈన్నా గందా. ఆ చదువు రావాల నా మనవరాలిక్కూడా. పాపా, దీన్ని నీ పక్కనే కూసోబెట్టుకో, నీ గాలన్నా తగుల్తాది."

చెల్లి నవ్వింది. చెల్లికి చదువు చక్కగా వచ్చు. మామ్మ చెల్లిని చూసి అడిగి ఉంటే నాకేం బాధ ఉండేది కాదు. చూసింది నన్ను.

ఆ పిల్ల అప్పటినుంచి ఆదివారం నా పక్కనే కూర్చునేది. కంటికి కనిపించిందల్లా చదివే రకం. గోడ మీద పురుగుమందు ప్రకటన, బిస్కెట్టు కాగితం, బస్సు బోర్డు. "అక్కా, మాచర్ల అని రాసుంది చూడు" అనేది. నేను "అవునమ్మా" అనేదాన్ని. బస్సు రంగును బట్టి, వచ్చే వేళను బట్టి నాకు అది మాచర్ల బస్సని తెలుసు. ఆ పిల్ల బడి మానేసే రోజు దగ్గర పడేకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు.

కోతలు చివరికొచ్చిన ఒక ఆదివారం నరసరావుపేట నుంచి ఒక పెద్ద పాస్టరుగారు వచ్చాడు. సంఘానికి కానుకగా అట్టపెట్టెలో కొత్త బైబిళ్ళు తెచ్చాడు. అవి వాడుక భాషలో వచ్చినవి. ముందు వరుసలో వాళ్ళందరికీ తలా ఒకటి ఇచ్చారు. నా చేతికీ ఒకటి వచ్చింది, ఆ పిల్లకూ ఒకటి.

నాన్న అధ్యాయం చెప్పాడు. శనివారం చెప్పుకున్నదే. నా ప్రాణం కుదుటపడింది. లేచి నాన్న పక్కన నిలబడి, కొత్త పుస్తకం తెరిచి, వేలు పెట్టి, మొదటి ముక్క చెప్పాను. పాత పుస్తకంలోని ఆ బరువైన గ్రాంథికం, ఫోనులో విన్న ఆ ఎత్తుపల్లాలు, అన్నీ దిగాయి. వెనకనుంచి ఎవరో స్తోత్రం అన్నారు.

ముందు వరుసలో వాళ్ళు పేజీలు తిప్పుతున్నారు. వేళ్ళు వెతుకుతున్నాయి.

"అక్కా, ఇందులో అట్టా లేదు" అంది ఆ పిల్ల పైకే. తన పుస్తకంలోంచి ఆ ముక్క మామూలు మాటల్లో గడగడా చదివేసింది.

ఎవరో నవ్వారు. పెద్ద పాస్టరుగారు కూడా నవ్వి, "పాతది కంఠతా వచ్చినట్టుంది పాపకి, మంచిదే. ఇప్పుడు ఇందులోది చదువమ్మా" అన్నాడు.

పుస్తకంలోకి చూశాను. చీమలు.

"ఊఁ, చదువమ్మా" అన్నాడు నాన్న.

పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాను. "చదువు తల్లీ" అన్నాడు మళ్ళీ, ఈసారి మెల్లిగా.

"కొత్తాయన్ని చూసి జడుసుకుందయ్యా, కాసిని నీళ్ళియ్యండి" అంది మామ్మ. నాన్న నా చేతిలో పుస్తకం తీసుకుని తనే చదివాడు. ఆడవాళ్ళ వైపు చూశాను. అమ్మ ముసుగు వెనక్కి జారిపోయింది. సర్దుకోలేదు. నన్నే చూస్తోంది.

భోజనాలయ్యి పెద్ద పాస్టరుగారు వెళ్ళాక, అమ్మ వంటసాలలో గూట్లోంచి ఉప్పు పాకెట్టు తీసి నా ముందు పెట్టింది.

"ఇదేంది?"

"ఉప్పు."

బొమ్మను అరచేత్తో మూసింది. బొమ్మ కింద ఏదో రాసుంది. "ఇప్పుడు చెప్పు. ఇక్కడేముంది?"

చెల్లి నోరు తెరవబోయింది. "నువ్వు నోరు ముయ్యవే" అంది అమ్మ. నేను చూస్తూ కూర్చున్నాను.

"ఎప్పట్నుంచే?"

"ఎప్పుడూ రాలేదమ్మా."

అమ్మ కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. పాకెట్టు ఒళ్ళో పెట్టుకుని, "నేనేగా నేర్పింది" అని ఒక్కమాట అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ నాన్నకు చెప్పినప్పుడు ఆయనా అరవలేదు. మర్నాడు అన్నం ముట్టలేదు. సాయంత్రం నన్ను హాల్లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తలమీద నూనె పోసి, చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు.  బిడ్డ కళ్ళు తెరువు తండ్రీ, అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నూనె కనుబొమ్మల మీదుగా కళ్ళలోకి దిగి మండింది. నేను కూడా నా శక్తి కొద్దీ నమ్మాను. ఈసారి జరుగుతుందనే నమ్మాను.

"ఇప్పుడు చూడమ్మా" అన్నాడు.

చేతిలో పెట్టింది తన పాత బైబిలు. తెరిచిన చోటు కీర్తనల్లో. ఎడమ పక్కన నాన్న గీసుకున్న ఎర్రగీతను బట్టి అది ఏ కీర్తనో నాకు తెలుసు. మొదటినుంచి చివరిదాకా నోటికి వచ్చు. వేలు పెట్టి చెప్పేస్తే చాలు. నాన్న ఏడుపు ఆగుతుంది. అన్నం తింటాడు. వచ్చే ఆదివారం కొత్త సాక్ష్యం ఉంటుంది. నాన్న నా నోటికేసే చూస్తున్నాడు.

నుదుటి మీద నూనె ఇంకా తడిగానే ఉంది. ఆ తడితో నోరు అబద్ధం ఆడలేకపోయింది. పైగా పొద్దున బడికి పోతూ ఆ పిల్ల మా గేటు ముందు ఆగి, "అక్కా, ఇంక వారమేనంట నాకు బడి" అని చెప్పి పోయింది.

"రావట్లేదు నాన్నా" అన్నాను.

పుస్తకం మూశాడు. దాన్ని గుండెకు ఆనించుకున్నాడు. తర్వాత లేచి బయట మెట్టు మీద కూర్చున్నాడు. నేనేమైనా పాపం చేశానా అని అడగలేదు. అడగకపోవడం వల్లే నాకు ఊపిరాడింది.

తర్వాతి ఆదివారం నాన్న నన్ను ముందుకు పిలవలేదు. వచనాలు తనే చదువుకున్నాడు. ప్రసంగం తడబడింది. చివర్లో ఎప్పటిలాగే ప్రార్థన మనవులు చెప్పమన్నాడు. మా సంఘంలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పుకుంటారు. గేదె ఈనలేకపోతోందని, కొడుకు తాగి వస్తున్నాడని, కాయకు ధర లేదని. మా ఇంటి నుంచి ఎవరూ ఎప్పుడూ లేవలేదు. మేము మనవులు వినే వాళ్ళం.

అమ్మ లేచింది.

హాలంతా అటు తిరిగింది. నాన్న అందరితో అన్నట్టే, "చెప్పండమ్మా" అన్నాడు.

"మా పెద్దపాపకి చదవటం రాదు" అంది అమ్మ. "ఇన్నాళ్ళూ చదివిందంతా నోటికి నేర్చుకుందే. అక్షరాలు నిలబట్టంలేదంట దానికి. ఎందుకో మాకు తెలవదు. ఇట్టాంటి పిల్లలకు నేర్పే వాళ్ళు ఎక్కడన్నా ఉంటే చెప్పండి. దాని కోసం ప్రార్థన చెయ్యండి."

 మామ్మ కూర్చున్న చోటినుంచే అడిగింది. "మరి నా మనవరాలి సంగతేందయ్యగారూ?"

నాన్న ప్రసంగం చేసే పులిపీఠం అంచు పట్టుకున్నాడు. ఆయన ఎన్నో సభల్లో చెప్పిన సాక్ష్యమంతా ఆ ఒక్క జవాబు మీద ఆగి ఉంది.

"బడికే పంపు మామ్మా" అన్నాడు. "మాన్పించొద్దు."

"అట్నే" అందామె. "నేను గూడా చానా మురిసిపోతినే పాపా, నీ చదువు ఇని" అని నా వైపు చూసి, ముసుగు ముందుకు లాక్కుంది.

ప్రార్థన మొదలైంది. మా సంఘంలో అందరూ ఒక్కసారే పైకి ప్రార్థిస్తారు. కోతల్లో మాడిన గొంతులు, క్వారీ దుమ్ముతో దగ్గే గొంతులు, అన్నిట్లో నా పేరు. మామ్మ గొంతు అందరికన్నా పైన ఉంది. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ పిల్ల ఒళ్ళోని కొత్త పుస్తకం నా మోకాలి మీదకు జరిగి ఉంటే, అందులోకి చూశాను. వత్తులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.