పర్వత్ పాటియాలో ఒక గుమ్మం

సూరత్‌లో చూడవలసినవేమిటని అడిగితే తాపీ ఒడ్డున కోట, డచ్చివాళ్ల సమాధులు, డుమస్‌లో నల్ల ఇసుక తీరం అని చెబుతాను. నాలుగోది ఒకటుంది. దాన్ని చూపించినవాడి పేరు నాకు తెలియదు.

కరోనా రెండో ఏడు చివర్లో, బార్డోలీ నుంచి వచ్చే బస్సులో నా చేతిలోని జాబితా చూసి పక్కసీటాయన పలకరించాడు. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే తెలంగాణ మనిషి.

"కోట ఏడికీ పోదు సార్. జర పర్వత్ పాటియాల దిగున్రి, ఒక బాబాను చూపిస్త."

మూఢనమ్మకాల మీద పాతికేళ్లుగా రాస్తున్నవాణ్ణి, నవ్వి వద్దన్నాను. ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల ఎర్ర దారం.

"మా తమ్మునిది. జ్వరమొస్తే దవాఖానకు పోదాం రా అన్న. ఆడ గుజరాతీల అడుగుతరు, బాబా అయితే తెలుగుల జెప్తడన్నడు. ఇది కట్టిచ్చుకొని రూముల పండుకున్నడు. నాలుగో దినం పోయిండు. అదే వారం బాబాకు జ్వరమొస్తే దవాఖానల ఆక్సిజన్ పెట్టిచ్చుకొని బతికొచ్చిండు."

ఈయన ప్రతి సెలవునాడూ ఆ బాబా గుమ్మం ఎదుట కూర్చుని, వచ్చినవాళ్లకు ఇదే చెబుతాడట.

"కొట్టాలనిపించదా?" అన్నాను.

"కొడితే రెండు దినాల్ల మానుతది. ఆయన నూరేండ్లు బతకాలె సార్. ఒక్కడు రాకుంట, ఈగలు తోలుకుంట బతకాలె."

ఆయనతో దిగాను. మెట్ల దాకా వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆ దారం చూసి, మాట విని, వెనుదిరిగారు. లోపలి మనిషి తెర తీసి చూసి, మళ్లీ వేసుకున్నాడు.

ఇలాంటి బాబాలతో ఎన్నో సభల్లో వాదించి గెలిచాను. ఒక్క గుమ్మమూ ఖాళీ చేయించలేకపోయాను.