రేకుల కింద రెయిన్‌గేజి

ఆఫీసులో ఆయన్ని అందరూ వానాయన అంటారు. ఇరవై ఆరేళ్లుగా పొద్దున ఎనిమిదిన్నరకు రెయిన్‌గేజి గరాటు తీసి, కింద సీసాలో పడ్డ నీళ్లను గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాయడమే ఆయన కొలువు. పెళ్లినాడు కూడా గ్లాసు చూసొచ్చాకే పెళ్లికొడుకయ్యాడు. గ్లాసు చూపని చుక్కను రాసి ఎరగడు.

ఆ పొద్దున కూడా గరాటులో చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. ఉబ్బిన బీడీ ముక్కలు, వాటి మీద ఎవడో ఉమ్మిన పొగాకు నీళ్లు. ఛీ అని చెయ్యి విదిలించాడు. ఎనిమిది నెలల కిందట పెద్దాఫీసరు తన కారు గుమ్మం ముందే ఆగాలని, అక్కడ ఆరుబయట ఉన్న గేజిని పీకించి పాత రేకుల షెడ్డులోకి తోయించాడు. ఆయన తానా అంటే ఆఫీసంతా తందానా. వానాయన కూడా నోరెత్తలేదు. గాలికి జల్లు కొడితే తప్ప ఆ మూలకు చినుకు రాదు. డ్రైవర్లకు మాత్రం ఉమ్మడానికి మంచి తొట్టి దొరికింది.

మూడు రోజులుగా కుండపోత. గ్లాసు లెక్క మూడు రోజులకూ కలిపి తొమ్మిది మిల్లీమీటర్లు. అందులో వానెంతో, ఉమ్మెంతో. అరవై దాటితేనే పంటకు నష్టపరిహారం. లెక్క మధ్యాహ్నానికల్లా పైకి పోవాలి.

ఇంతలో సొంత అక్క వచ్చింది. పీకి కుప్పేసిన వేరుశనగంతా తడిసిపోయిందని, సంచిలోంచి కాసిని కాయలు బల్ల మీద పోసింది. నల్లబడి, జిగురు పట్టి, మొలకలొచ్చాయి. ఆ కంపుకు పక్క గుమాస్తా ముక్కు మూసుకుని బయటికి పోయాడు. వానాయన మాత్రం గ్లాసు చూపిందే రాస్తానని, అక్క కోసమైనా అంకె మార్చనని చెప్పాడు. చెబుతూ కాస్త ఛాతీ కూడా విరుచుకున్నాడు.

అక్క వస్తూ షెడ్డులో ఆ గేజిని చూసే వచ్చింది. గొంతు పెంచలేదు.

"మార్చమని ఎవరడిగార్రా తమ్ముడూ? నీ గ్లాసు అబద్ధం చెప్పదులే. వాన పడని చోట దాన్ని కూర్చోబెట్టి నువ్వే చెప్పిస్తున్నావు."

వానాయన తన చేతుల వంక చూసుకున్నాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నా వేళ్లు ఇంకా పొగాకు కంపు కొడుతున్నాయి. ఇన్నాళ్లూ డ్రైవర్లను, ఆఫీసరును చూస్తే అసహ్యం వేసేది. ఇప్పుడు తన మీద తనకే వేసింది. ఎనిమిది నెలలుగా రోజూ ఆ ఎంగిలి గరాటు కడిగి, నిజాయితీపరుణ్ణని జబ్బలు చరుచుకుంటూ సంతకం పెట్టింది ఎవరు మరి?

రిజిస్టరు తెరిచి, పక్క గడిలో రాశాడు: గేజి ఎనిమిది నెలలుగా రేకుల కింద ఉంది, ఈ లెక్కలన్నీ తప్పు, తెలిసే సంతకాలు చేశాను. ఆ మాట పైకి పోతే, పై ఆఫీసువాళ్లు పొలాలకే వచ్చి కళ్లతో చూడక తప్పదు.

ఆఫీసరు అది చదివి మొహం గంటు పెట్టుకున్నాడు. దీంతో ముందు ఊడేది వానాయన ఉద్యోగమేనని, ఆ ముక్క కొట్టేయమని చెప్పాడు. వానాయన కొట్టేయలేదు. షెడ్డులోకి వెళ్లి ఒక చేత్తో గేజి, ఇంకో చేత్తో గునపం పట్టుకొచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"సార్, కారు తీయించండి. దీన్ని పాతాలి."